మా యింటి రెండవ బుట్ట



ఈ శీర్షికలో ఇంతవఱకు మనము ముచ్చటించుకొన్నవన్నియు ఇంటిలోనికి తెచ్చుకొనువానిని గూర్చియే. పప్పులు పురుగు పట్టకుండ దాచుట, పట్టుచీరలు మడత పెట్టుట, ఊరుగాయ జాడీలు ఎండబెట్టుట - ఇవియే మన ప్రసంగములు. ఇంటినుండి బయటికి పంపుదానిని గూర్చి నేను ఒక్క మాటయైనను వ్రాసినదానను కాను. అది వ్రాయదగిన విషయమని తలపనైనను లేదు. అది చెత్త. పేరు వినగానే పుట త్రిప్పివేయకుడు. ఈ నెల నేను వ్రాయబోవునది నా తప్పును గూర్చి. ఇతరుల తప్పులు చదువుటకు మనకెప్పుడును ఓపిక యుండును గదా!

మా కాపురము సూర్యాపేటలో. ఇంటిలో ఆరుగురము: మా యత్తగారు, నా భర్త, నేను, చిన్నపిల్లలిద్దరు, మా యాడుబిడ్డ కూతురు. ఈ పిల్ల తలిదండ్రులు మిర్యాలగూడలో నున్నారు. తండ్రి ఒక బియ్యపు మిల్లులో గుమాస్తా. మేనమామ ఉపాధ్యాయుడు గనుక చదువు బాగుగా సాగునని మూడేండ్ల క్రిందట పిల్లను మా యింట విడిచిరి. ఇప్పుడు పదవ తరగతి. దాని బడిలో జాతీయ హరిత దళము కలదు. బడిపిల్లలచేత చెట్లు నాటించుటకును, నీటిని పొదుపు చేయించుటకును, చెత్తను వేఱుచేయుట నేర్పుటకును కేంద్ర ప్రభుత్వమువారు 2001లో ఆరంభించిన ఏర్పాటది. మా పిల్ల అందులో చేరినదనగా సంతోషించితిని. బడితోటకు నీళ్ళు పోయుదురు కాబోలు ననుకొంటిని. ఆ దళము మా పెరటిలోనికి వచ్చునని మాత్రము అనుకొనలేదు.

పోయిన పుష్యమాసములో ఒక ఉదయము. చలి మిక్కుటముగా నుండెను. పెరటిలోని నీళ్ళపొయ్యి ఎంతకును రాజుకొనుట లేదు. పుల్లలు మంచుకు తడిసినవి. నేను అలవాటు చొప్పున పాలసంచులు రెండు, బిస్కట్టు పొట్లములు నాలుగు పుల్లల క్రింద దోపి అగ్గిపుల్ల గీసితిని. అవి భగ్గున నంటుకొనును. పైగా ఖర్చు లేదు. పొయ్యి ప్రక్కనే మా యత్తగారు చలి కాచుకొనుచుండిరి. ఆ నల్లని పొగకు ఆమెకు దగ్గుతెఱ వచ్చినది.

"అత్తమ్మా, పాలసంచులు కాల్చవద్దు. అమ్మమ్మ ఆ పొగనే పీల్చుచున్నది" అని మా మేనకోడలు పండ్లు తోముకొనుచు అనెను.

నాకు కోపము వచ్చినది. "నీవిక్కడికి చదువుకొన వచ్చితివా, నాకు పొయ్యి రాజేయుట నేర్ప వచ్చితివా?" అంటిని. పిల్ల మాఱుపలుకలేదు. అత్తగారును పలుకలేదు. నీళ్ళు కాగినవి, స్నానములైనవి, అందఱును బడులకు పోయిరి. నా మనస్సు మాత్రము కుదుటపడలేదు. చిన్ననాట మా నాయనగారు నాకు కఠోపనిషత్తులోని కథ చెప్పియుండిరి. పాలుడిగిన ముసలియావులను దానమిచ్చుచున్న తండ్రిని చూచి నచికేతుడు ఒక ప్రశ్న వేసెను. తండ్రి బదులు చెప్పలేక కోపించి, నిన్ను యమునికిచ్చితిననెను. ఆ కథ విన్నప్పుడెల్ల నేను నచికేతుని పక్షముననే యుంటిని. ఆ తండ్రి స్థానములో నన్ను నేను చూచుకొనుట ఆనాడే మొదలు.

సాయంకాలము మా వారినడిగితిని. కట్టెపొగయే ఊపిరితిత్తులకు చెఱుపు. ప్లాస్టిక్కు పొగ అంతకంటె చెఱుపనిరి. ప్లాస్టిక్కులలో అనేక జాతులు కలవు. వానిలో గొట్టములకును, తీగెల తొడుగులకును వాడు పి.వి.సి. యనుదానిలో క్లోరిను చేరియుండును. అది చాలీచాలని మంటలో కాలునప్పుడు డయాక్సినులను విషములు పుట్టును. అవి గాలిలో తేలి గడ్డిపై వ్రాలును. ఆ గడ్డి తినిన పశువుల పాలలోనికి వచ్చును. మన శరీరపు క్రొవ్వులో చేరి ఏండ్ల తరబడి కదలవు. పాలసంచి ఆ జాతిది కాదట. కాని తెల్లవాఱుజామున పొయ్యిలో దోపునప్పుడు ఏది ఏ జాతిదో చూచి దోపువారెవరు?

మఱునాటినుండి పిల్ల ఒక పాత నోటుపుస్తకములో లెక్కలు వ్రాయ మొదలిడెను. ఎవరిని ఏమియు అనలేదు. రాత్రి పడుకొనబోవు ముందు చెత్తబుట్టను పాత కాగితముపై కుమ్మరించి, పుల్లతో కదపి, లెక్కించి, మరల ఎత్తివేయును. నెల తిరుగగానే ఆ పుస్తకమును నా ముందుంచినది. దినమునకు రెండు చొప్పున పాలసంచులు 60. సంవత్సరమునకు 730 అని ప్రక్కన గుణకారము. నూనె సంచులు, షాంపూ పొట్లములు, పిల్లల చిరుతిండ్ల పొట్లములు వేఱువేఱు గడులలో. తూకమునకు వచ్చునప్పటికి మాత్రము కూరగాయల తొక్కలు, మెతుకులు, టీపొడి పిప్పి, వాడిన పూవులు - ఇవియే మొగ్గు. మన దేశపు పట్టణములలో ఇండ్లనుండి వచ్చు చెత్తలో ఇంచుమించు సగము ఇట్టి తడిచెత్తయే. మట్టిలో వేసినచో మట్టియగును. దానిని పాలసంచులతో కలిపి ముడివేసి పాఱవేయుటచేత రెండును చెడుచున్నవి. తొక్కలు అంటిన సంచిని కొనువాడు లేడు. సంచులు కలిసిన తొక్కలు ఎరువునకు పనికిరావు. ఊరి వెలుపల గుట్టగా పోసినప్పుడు అది గాలి తగులక లోలోపల క్రుళ్ళి మీథేను వాయువును పుట్టించును. ఆ గుట్టలు దినముల తరబడి రగులుచుండుటకు ఇదియు నొక కారణము.

నేను చదివితిని. బాగున్నదంటిని. పుస్తకము తిరిగి ఇచ్చితిని. బుట్ట మాత్రము ఒక్కటిగనే యుండెను.

నన్ను కదిలించినది ఆ పుస్తకము కాదు, ఒక చేయి. మా వీధికి ఉదయమున చెత్తబండి వచ్చును. బండితో ఒకామె వచ్చును. ఆమెది నా వయస్సే. ఒకనాడు ఆమె కుడిచేతికి గుడ్డకట్టు. "ఏమైనదక్కా?" అని మా పిల్ల అడిగెను. నిన్న ఎవరి బుట్టలోనో తొక్కల నడుమ గాజుపెంకు ఉండెననియు, వేఱుచేయుచుండగా అఱచేయి తెగెననియు, సూదిమందు వేయించుకొంటిననియు ఆమె చెప్పెను. ఎవరి బుట్టయో యని ఆమె యనెను. అంతకు ముందటినాటి రాత్రి నా చేతినుండి జారి గాజు గ్లాసు పగిలినది. పెంకులను ఊడ్చి, పిల్లలు ముట్టుకొనకుండ సొరకాయ తొక్కల క్రింద దాచి వేసినది నేనే. నా పిల్లల చేతులను గూర్చి తలచితిని గాని ఆ బుట్టలో తరువాత చేయి పెట్టువారు కలరని తలపలేదు. మా మేనకోడలు నావైపు చూచెను. గ్లాసు పగిలిన చప్పుడు అదియు వినియున్నది. నేనేనని చెప్పుటకు నాకు నోరు రాలేదు. బండి మలుపు తిరిగిపోయెను.

మఱునాడు చెప్పితిని. ఆమె నవ్వి, "మీరొక్కరేనా, అమ్మా!" అని బుట్టను కుమ్మరించుకొని పోయెను. ఆ నవ్వు నాకు క్షమవలె తోచలేదు.

ఆ రాత్రి భోజనములైన పిమ్మట, రేపటినుండి ఇంటిలో రెండు బుట్టలు పెట్టుకొందమని నేననగా అత్తగారు నవ్విరి. "ఉండెడివి గదా! నీవు కాపురమునకు వచ్చిన యేడు రెండవ బుట్టను ఉల్లిగడ్డలకు తీసికొంటివి" అనిరి.

నేను నిర్ఘాంతపోయితిని. ఆ ఆకుపచ్చ బుట్ట నేటికిని అటకక్రింద ఉల్లిగడ్డలతో నున్నది. ఇన్ని యేండ్లలో ఆమె ఒక్కమాటయైనను అనలేదు. ఎందుచేత ననలేదని యడిగితిని. "క్రొత్త కోడలు ఇల్లు సర్దుకొనుచున్నప్పుడు బుట్టను గూర్చి ఏమని పేచీ పెట్టుదును?" అనిరి. అత్తలు నోరు మెదపకుండుటయు ఒక్కొక్కప్పుడు చేటే యని నాకానాడు తోచినది.

2003 నాటి సూర్యాపేటను గూర్చి ఆమె చెప్పినది వినుడు. ఇది మన యూరి ఘనతయైనను, మనలోనే చాలమంది మఱచితిమి. ఆనాడు సుమారు లక్ష జనము గల యీ పట్టణమునకు ఎస్.ఎ. ఖాదర్ సాహెబుగారు పురపాలక సంఘపు కమీషనరుగా నుండిరి. వీధి మొగలలోని చెత్తకుండీలు తీసివేయబడినవి. కుండీ యున్నంతవఱకు దాని చుట్టును చెత్త, చెత్త చుట్టును పందులు, ఆవులు. కుండీ పోయి, బండియే ఇంటి వాకిటికి వచ్చినది. ప్రతి యింటను రెండు బుట్టలు: ఒకటి తడికి, ఒకటి పొడికి. దుకాణదారులును తమ చెత్తను వీధిలోనికి చిమ్ముటకు వీలులేకపోయినది. తడిచెత్త వానపాముల యెరువైనది, పొడిచెత్త అమ్ముడుపోయినది, రెండింటివలన పురపాలక సంఘమునకు రాబడి వచ్చినది. చెత్తకుండీ లేని పట్టణమని సూర్యాపేటను చూచుటకు పరరాష్ట్రములనుండి అధికారులు వచ్చిరి. మన యూరి సంగతిని దేశమునకు చాటినవారిలో అల్మిత్రా పటేలుగారొకరు. ఇంజనీరింగు చదివిన యీ మహిళ దేశపు పట్టణములలోని చెత్త దురవస్థను గూర్చి 1996లో సుప్రీంకోర్టునాశ్రయించెను. ఆమె వ్యాజ్యపు ఫలముగా 2000 సంవత్సరమున పట్టణపు చెత్తకు మొదటిసారిగా దేశమంతటికిని నియమములు వెలువడినవి. 2016లో అంతకంటె విపులమైనవి వచ్చి, తడి, పొడి, ఇంటిలోని అపాయకర వస్తువులు అని మూడు తెఱగులుగా ఇంటియొద్దనే వేఱుచేయవలెనని విధించినవి.

కమీషనరుగారి పేరు పత్రికలలో వచ్చినది, అది న్యాయమే. కాని తొక్కను ఏ బుట్టలో వేయవలెనో దినమునకు పదిసార్లు తలచుకొని వేసినవారు మా యత్తగారివంటి వేలకొలది గృహిణులు. వారిలో ఒక్క యింట ఒక క్రొత్త కోడలు ఉల్లిగడ్డలు పోసికొనుటకు బుట్ట తీసికొన్నచో ఆ యింట ఆ పని ముగిసినట్లే.

ఉల్లిగడ్డలు గోనెసంచిలోనికి మాఱినవి. ఇప్పుడు మేము చేయుచున్న పద్ధతి చెప్పెదను. తడిచెత్తలో కొంత బండికిచ్చి, కొంత పెరటిలో ఎరువు చేయుచున్నాము. మూతగల పెద్ద మట్టికుండలు రెండు తెచ్చి, కుమ్మరిచేతనే ప్రక్కలను అడుగునను చిన్న రంధ్రములు పెట్టించితిమి. అడుగున కొబ్బరిపీచు పఱచి, పిడికెడు తొక్కలు వేసినప్పుడెల్ల అంతకు తక్కువకాకుండ ఎండుటాకులు వేయవలెను. మొదట కొంచెము పులిసిన మజ్జిగయో, పేడనీళ్ళో చల్లినచో త్వరగా పట్టును. వారమునకొకసారి కఱ్ఱతో క్రింది నుండి పైకి కలుపవలెను. ఒకటి నిండిన పిమ్మట దానిని మూసి రెండవది మొదలుపెట్టవలెను. రెండు మూడు నెలలకు నల్లని పొడియై, తొలకరి వానకు తడిసిన మట్టి వాసన వచ్చును.

మొదటిసారి మాకు అట్టి వాసన రాలేదు. మిగిలిన పులుసు, నూనె తేలిన వంకాయకూర, చారు అడుగు - అన్నియు అందులోనే కుమ్మరించితిని. పదిదినములకు పురుగులు, ప్రక్కయింటివారి సణుగుడు. అత్తగారు వచ్చి చూచి, "ఎండుటాకులు ఎక్కడ? దీనికి నీళ్ళెక్కువైనవి, గాలి తక్కువైనది" అనిరి. దానినంతయు తట్టలో పఱచి ఆరబెట్టి, వేపచెట్టు క్రింది ఎండాకులు రెండు తట్టలు కలుపగా దారికి వచ్చినది. ఉప్పును నూనెను గల వండిన పదార్థములు కుండలో వేయకుడు. అసలు మిగులకుండ వండుటయే మేలనుకొనుడు; కాని బడినుండి వచ్చు పిల్లల ఆకలిని ముందుగా కొలిచిన తల్లి యెవతె?

పాలసంచిని కత్తిరించునప్పుడు మూల ముక్కను పూర్తిగ త్రెంపకుడు. ఆ చిన్న ముక్క ఎవరి చేతికిని దొరకక మోరీలో పడును. మూలను గాటుపెట్టి వ్రేలాడనిచ్చి పాలు పోసికొని, సంచిని కడిగి దండెముపై ఆరవేసినచో పాతసామాను కొనువాడు తీసికొనును. గాజుపెంకులు, బ్లేడులు, సూదులు, మాడిపోయిన బల్బులు ఒక పాత డబ్బాలో వేఱుగ నుంచి, చేతికిచ్చునప్పుడు నోటితో చెప్పి ఇచ్చుచున్నాము. మన నెలసరి ప్యాడ్లను, పసివారి డైపర్లను కాగితములో చుట్టి, గుర్తు పెట్టి, వేఱుగ ఇయ్యవలెను. సిగ్గుచే తొక్కల క్రింద దాచుచున్నాము. దాచినదానిని మఱియొక స్త్రీ తన చేతితో తీయుచున్నది.

ఇల్లు ఇట్లు ఒక దారికి వచ్చినది గదాయని శ్రావణమాసములో మా పుట్టినిల్లు కోదాడకు పోతిమి. మా మఱదలి సీమంతము. రెండువందలమంది భోజనము. 2022 జులై 1వ తేదీనుండి దేశమంతటను ప్లాస్టిక్కు పళ్ళెములు, గ్లాసులు, చెంచాలు, గొట్టపుపుల్లలు నిషేధింపబడియున్నవి. మా తమ్ముడది యెఱుగును. మోదుగాకు విస్తళ్ళకు సంతోషముగా ఒప్పుకొనెను. చిక్కు గ్లాసులయొద్ద వచ్చినది. ఉక్కు గ్లాసులు అద్దెకు తెత్తమని మా మేనకోడలు అనగా, "తెత్తము, కడుగువారెవరు?" అని మా యమ్మ యడిగెను.

ఆ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. కాగితపు గ్లాసు వచ్చినప్పుడు సంతోషించినది మనమే. పెండ్లిళ్ళలో తెల్లవాఱులు అంట్లు తోమినది మన తల్లులు. లోకమును శుభ్రపఱచు నెపమున ఆ అంట్ల గుట్టను మరల మన నెత్తిపైకే తెచ్చుటయైనచో, ఆ శుభ్రతకు నేను ఒప్పుకొనను. ఆ మాటయే పిల్లతో అంటిని. అది కొంతసేపు ఆలోచించి, "నేను కడిగెదను. ఇంకెవరు కడిగెదరో అడిగి చూచెదను" అనెను.

పంక్తి లేచినది. పిల్ల పెరటి కుళాయి యొద్ద కూర్చున్నది. తమ్ముని స్నేహితులు ఇద్దరు సిగ్గుపడుచు వచ్చిరి. అంతట మా వారు చొక్కా చేతులు మడచుకొని పోయి కూర్చుండిరి! ఇంటి అల్లుడు, అత్తవారింట, ఎంగిలి గ్లాసులు! మా యమ్మ ముఖము తెల్లబోయినది. చుట్టములు చూచుచున్నారు. "మా పరువు తీసితివి గదే!" అని వంటింటిలో నన్ను పట్టుకొని కన్నీరు పెట్టుకొనెను. నేను ఆమెకు ఏమి చెప్పినను ఆ పూట వినలేదు. రెండవ పంక్తికి మఱదలి పుట్టింటివారు కూర్చుండునప్పటికి తమ్ముడు బజారునుండి చిన్న నీళ్ళ సీసాలు తెప్పించెను. వారికి గ్లాసులిచ్చుట మర్యాద కాదనెను. వట్టి సీసాలన్నిటిని మా పిల్ల గోనెలో కట్టి పాతసామాను కొనువానికి వేసినది. మా యమ్మ పక్షము దినములవఱకు నాతో ఫోనులో మాటలాడలేదు. ఇప్పుడు మాటలాడుచున్నది, ఆ సంగతి మాత్రము ఎత్తదు.

దసరా సెలవులకు పిల్లను మిర్యాలగూడకు తీసికొనిపోయితిని. సూర్యాపేటనుండి పోవుదారిలో మూసీనది దాటవలెను. అనంతగిరి కొండలలో పుట్టి, హైదరాబాదు నడుమనుండి ఆ మహానగరపు మురుగునంతయు మోసికొని, మన పొలముల కాలువలకు నీరిచ్చి, మిర్యాలగూడకు దిగువన వాడపల్లియొద్ద కృష్ణలో కలియు నది యిది. వంతెనపైనుండి చూడగా నీటిపై నురుగు తెట్టెకట్టియుండెను. కాళియుడు చేరిన మడుగు నీరు త్రాగి గోవులును గోపాలురును పడిపోయిన భాగవత కథ నాకు జ్ఞప్తికి వచ్చినది. అచ్చట ఒక్క పామే. పట్టి అణచుటకు పడగలు కానవచ్చినవి. ఇచ్చట లక్షల ఇండ్ల తూములు. ఎవరి పడగపై నిలిచి ఆడవలెను?

మిర్యాలగూడ వడ్లకును బియ్యపు మిల్లులకును పేరొందినది. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన పిమ్మట ఆ సీమ రూపమే మాఱినది. నూఱు కిలోల వడ్లు ఆడించినచో సుమారు ఇరువది కిలోల ఊక వచ్చును. ఉప్పుడు బియ్యమునకు వడ్లుడికించుటకై ఆ ఊకనే బాయిలరులో కాల్చుదురు. వ్యర్థమగు ఊక వంటచెఱకగుట మంచిదే. కాని ఇరువది కిలోల ఊకకు నాలుగు కిలోల బూడిద మిగులును. అది గాలికి తేలిపోవునంత తేలిక. మా యాడుబిడ్డ యింట దండెముపై ఆరవేసిన తెల్లచీరపై సాయంకాలమునకు బూడిద చుక్కలు. సద్దుల బతుకమ్మనాడు తంగేడుపూల వరుసలపైకూడ సన్నని పొర వ్రాలినది. గునుగుపూవు ఎట్లును తెల్లనిదే గనుక దానిపై కానరాలేదు.

రాత్రి భోజనములయొద్ద పిల్ల తండ్రినడిగినది: "నాన్నా, మిల్లు బూడిద ఎక్కడికి పోవును?"

ఆయన ముద్ద కలుపుచు, "నీ పుస్తకములు ఎక్కడినుండి వచ్చుచున్నవో, అదియు అక్కడినుండియే వచ్చుచున్నదమ్మా" అనెను.

ఎవ్వరును మాటలాడలేదు. నేను పుష్యమాసములో పొయ్యియొద్ద అడిగిన ప్రశ్నవంటిదే యిది. కాని ఆయన కోపముతో ననలేదు. ఇంటి బుట్టలు రెండైనవి; అది మన చేతిలోని పని. ఆయన జీతమిచ్చు చోట ఎవరు ఎవరికి చెప్పవలెను? పిల్ల తల వంచుకొని తినినది. మా యాడుబిడ్డ మాత్రము, "అడిగినదానికి జవాబు చెప్పరాదా? నేను పదేండ్లనుండి ఆ బట్టలుతుకుచున్నాను" అనెను. అప్పుడాయన చెప్పెను: కొంత ఇటుకబట్టీలవారు కొనిపోవుదురట. మిగిలినది మిల్లు వెనుక కుప్పగా పోయుదురట. కుప్పపై పట్టా కప్పియుంచినచో చాలవఱకు ఎగురదట. "యజమానితో చెప్పి చూచెదను. చెప్పుటవఱకే నా చేతిలో నున్నది" అనెను.

మేము తిరిగి వచ్చిన పది దినములకు ఆయన ఫోను చేసెను. ఇండ్లవైపు పట్టా కప్పించిరట. కాలువవైపు ఇంకను తెఱచియే యున్నదట. పిల్ల నోటుపుస్తకములో తడి, పొడి అను గడుల ప్రక్కన మఱియొక గీత గీసి, బూడిద యని వ్రాసి, దాని క్రింద ఆనాటి తేదీ వేసికొన్నది.